నడుము నొప్పి లెక్కల పుస్తకం: అరండల్‌పేట, 14 వారాలు

రోజంతా కుర్చీలో పనిచేసేవాళ్లకి, నడుము నొప్పి మూడు నెలలు దాటినవాళ్లకి, ఎమ్మారై కూడా అయిపోయి "ఆపరేషన్ అక్కర్లేదు, జాగ్రత్తగా ఉండండి" అనిపించుకుని ఇంటికొచ్చినవాళ్లకి ఈ డైరీ. జాగ్రత్త అంటే ఏం చెయ్యాలో ఆ చీటీ మీద ఉండదు. నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా ఉంటే చాలు, నాలుగు నెలలు కలిసొస్తాయి.

నాకు గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ, శుభలేఖల షాపు. వయసు 46. జులైలో పేపరు రీముల కట్ట ఎత్తుతుంటే నడుములో కలుక్కుమంది. ఫిబ్రవరి మొదట్లో ఈ పుస్తకం తెరిచేనాటికి ఏడు నెలలు.

ముందే ఒక మాట. మూత్రం, విరేచనం మీద అదుపు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, కాలు పట్టు తప్పి అడుగు ఈడుస్తున్నా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఈ డైరీ మూసేసి ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకు అవేవీ లేవని చూపించుకున్నాకే మొదలుపెట్టాను.

దశ 0: కొలతలు

200 పేజీల రూళ్ల పుస్తకంలో ఐదు గళ్లు గీశాను.

1. నొప్పి, 0 నుంచి 10. సున్నా అంటే లేదు. పది అంటే ఇంతకు మించి ఊహకు అందదు.
2. ఎన్ని నిమిషాలు కూర్చోగలను. ఇక లేవక తప్పదు అనిపించేదాకా.
3. ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలను.
4. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగితే వేలికొసకీ నేలకీ మధ్య దూరం. మా ఆవిడ కుట్టుమిషను దగ్గరి టేపుతో.
5. ఆ వారం మింగిన మాత్రలు.

మొదటి మూడు రోజుల సగటు: నొప్పి 6, కూర్చోవడం 22 నిమిషాలు, నడక 9 నిమిషాలు, వేలికొస నుంచి నేలకి 31 సెం.మీ., మాత్రలు వారానికి 14.

ఎమ్మారైలో ఎల్‌4–ఎల్‌5 దగ్గర (నడుము వెన్నుపూసల్లో నాలుగో దానికీ ఐదో దానికీ మధ్య) డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బిందని ఉంది. ఆ కాగితం చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత డాక్టరుగారు ఒక సంగతి చెప్పారు: 1994లో అమెరికాలో, నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగం మందికి పైగా ఏదో ఒక డిస్కు ఉబ్బే ఉంది. "జుట్టు నెరిసినట్టే ఇదీనూ. ఉంటే ఉండనివ్వండి" అన్నారు. ఈ మాట ఏడు నెలల కిందటే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

ఖర్చు ఇప్పటికి: పుస్తకం 50. మొత్తం 50 రూపాయలు. స్కానింగులు, పాత మందులు కలపలేదు. కలిపితే ఏడుపొస్తుంది.

దశ 1 (1, 2 వారాలు): కొలతే బెడిసికొట్టింది

ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా గంటగంటకీ ఫోనులో అలారం. రోజుకు 15 సార్లు నొప్పి అంకె వెయ్యాలి. ఎంత ఎక్కువ కొలిస్తే అంత పక్కాగా ఉంటుందనుకున్నాను.

మొదటి వారం సగటు 6.4. రెండో వారం 7.1. మందులు, పని, కుర్చీ ఏదీ మారలేదు. మారిందల్లా అలారం ఒక్కటే. కౌంటరు దగ్గర పెళ్లికూతురి తండ్రి కార్డు రంగు తేల్చుకోలేక నిలబడి ఉంటాడు, అలారం మోగుతుంది, నేను కళ్లు మూసుకుని నడుములో నొప్పి ఎక్కడుందా అని వెతుక్కుంటాను. వెతికితే దొరక్కపోతుందా? అప్పటిదాకా లేనిది కూడా దొరికేది.

ఎందుకిలా అని చదివితే తెలిసింది ఇది. నడుము దగ్గరి నరాల కొసలు పంపేది హెచ్చరిక. దాన్ని నొప్పిగా తేల్చేది పైన వెన్నుపాము, మెదడు కలిసి. ఆ తేల్చడంలో మన ధ్యాస, భయం, నిద్ర, పాత అనుభవం అన్నీ వేలు పెడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రణరంగంలో పనిచేసిన బీచర్ అనే అమెరికన్ డాక్టరు 1946లో రాసినదాని ప్రకారం, ఒళ్లు ఛిద్రమైన సైనికుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది నొప్పి మందు అడగలేదు. ప్రాణంతో బయటపడ్డామన్నది వాళ్ల లెక్క. నాకేమో ఉబ్బిన డిస్కు ఫోటో చూసి నడుము విరిగిపోతుందన్న లెక్క.

మార్పు: అలారం తీసేశాను. లేచాక ఒకసారి, షాపు కట్టాక ఒకసారి. అంతే.

పక్కదారి: అంకెకు తోడు పేరు

6 అని రాస్తే ఏం 6? అది ఏమీ చెప్పడం లేదు. అందుకని అంకె పక్కన ఒక మాట కూడా రాయడం మొదలుపెట్టాను. మన భాషలో నొప్పికి పేర్లకేం కొదవ: సలుపు, పోటు, మంట, లాగుడు, తిమ్మిరి, తీపు, గుంజు. ఇది నా సొంత తెలివి అనుకున్నాను. మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త 1975లోనే 78 మాటలతో ఇలాంటి ప్రశ్నపత్రం చేశాడట.

పది రోజుల గళ్లు పక్కపక్కన పెడితే ఇలా తేలింది:

- సలుపు: కూర్చున్న సమయాన్ని బట్టి పెరుగుతుంది.
- పోటు: పొద్దున మొదటి పది నిమిషాలే.
- లాగుడు (ఎడమ పిరుదు నుంచి తొడ వెనక దాకా): కటింగ్ మిషను దగ్గర మాత్రమే.

మూడోది చూసి మిషను బల్ల కొలిచాను. ఎత్తు 74 సెం.మీ. నా ఎత్తు 173. కార్డులు సర్దుతూ గంటకు వంద సార్లు వంగుతున్నాను. నాలుగు కాళ్ల కింద 10 సెం.మీ. టేకు దిమ్మలు వేయించాను. తొలి రోజు ఒక దిమ్మ జారి బల్ల ఒరిగింది. బ్లేడు ఉన్న మిషను, ఆటలు కాదు. దిమ్మల్లో కాలు కూర్చునేలా అర అంగుళం గుంట తొలిపించాక నిలిచింది. బల్ల దాదాపు 83 అయ్యాక పది రోజుల్లో పుస్తకంలో లాగుడు అన్న మాట వారానికి 9 సార్ల నుంచి 2కి పడింది. ఏడు నెలలు మందులు వాడిన చోట నాలుగు కర్రముక్కలు పనిచేశాయి.

ఖర్చు: దిమ్మలు 200. మొత్తం 250.

దశ 2 (3వ వారం): పడక

"ఆ పరుపే నీ కొంప ముంచింది" అని మేనత్త. "చెక్క మీద పడుకో, మూడు రోజులు కదలకు" అని ఎదురు షాపాయన. నడుము నొప్పి వస్తే గుంటూరులో ప్రతివాడూ డాక్టరే. పరుపు కింద ప్లైవుడ్ షీటు వేసి, షాపు మూడు రోజులు మూసి పడుకున్నాను.

ఉదయం నొప్పి: మొదటి రోజు 6, రెండో రోజు 7, మూడో రోజు 8. కూర్చోవడం 22 నుంచి 15 నిమిషాలకు. వేలికొస 31 నుంచి 36కి. నాలుగో రోజు మంచం దిగడానికి దొర్లి, మోచేతి మీద లేచి, గోడ పట్టుకున్నాను.

ఇదీ పాత పాఠమే. 1986లో అమెరికాలో డేయో బృందం నడుము నొప్పి వాళ్లను రెండు జట్లు చేసి ఒకరికి 2 రోజులు, మరొకరికి 7 రోజులు పడక రాసిచ్చింది. 2 రోజులవాళ్లు పనికి తక్కువ రోజులు నాగా పెట్టారు, మిగతా విషయాల్లో తేడా లేదు. గట్టి పరుపు సంగతి కూడా అంతే: 2003లో స్పెయిన్‌లో పోల్చి చూస్తే బాగా గట్టి పరుపు కంటే మధ్యరకం పరుపు వాళ్లకే సుఖంగా ఉంది.

ఖర్చు: ప్లైవుడ్ 1,400. మొత్తం 1,650. షీటు ఇప్పుడు షాపులో కవర్లు పేర్చే అరగా పనికొస్తోంది.

దశ 3 (4 నుంచి 6 వారాలు): వేడి, చల్లన

ఐసు: తువ్వాల్లో చుట్టి 15 నిమిషాలు, మూడు రోజులు. నడుము ఇంకా బిగుసుకుంది. కాలు మడతపడినప్పుడు, వాపు ఉన్నప్పుడు దాని పని వేరు. నా కేసులో కొట్టేశాను.

వేడి: రబ్బరు బ్యాగులో మరిగే నీళ్లు పోసి, పల్చటి తువ్వాలు కింద, గంట సేపు. హాయిగానే ఉంది. ఎనిమిదో రోజు మా ఆవిడ చూసి "ఏవండీ, ఇదేంటి వీపు మీద వల గీసినట్టుంది?" అంది. ఫోటో తీసి చూపించింది: గోధుమ రంగు గీతలు. రోజూ ఒకే చోట ఎక్కువ వేడి తగిలితే చర్మం అలా అవుతుందట.

వంటింటి థర్మామీటరు కొని మళ్లీ చేశాను:

1. నీళ్లు 65 డిగ్రీలకు దించాక బ్యాగులో సగం పోయాలి. గాలి నొక్కి తీసి మూత బిగించాలి.
2. తువ్వాలు నాలుగు మడతలు. తువ్వాలు మీద థర్మామీటరు ఆనిస్తే 40, 41 మధ్య ఉండాలి.
3. 20 నిమిషాలు. దాని మీద నిద్రపోకూడదు. షుగరు వల్ల స్పర్శ మందగించినవాళ్లు అసలు వాడకూడదు.

41 దాటనివ్వకపోవడానికి కారణం: దాదాపు 43 డిగ్రీల దగ్గర చర్మంలోని నరాల కొసల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే ద్వారం తెరుచుకుని "కాలుతోంది" అని కబురు పంపుతుంది. దానికి ముందే ఆగితే వెచ్చదనం, దాటితే నొప్పి.

ఫలితం (14 సార్ల సగటు): నొప్పి 2 అంకెలు తగ్గి, 50 నిమిషాల్లో మళ్లీ మామూలు. పొద్దున లేచాక, వ్యాయామానికి ముందు మాత్రం వాడుతున్నాను.

ఖర్చు: బ్యాగు 280, థర్మామీటరు 320. మొత్తం 2,250.

దశ 4 (5వ వారం): మిరపకాయ నూనె. దయచేసి చెయ్యొద్దు

పైన చెప్పిన టీఆర్‌పీవీ1 దగ్గరే మొదలైంది ఈ తెలివితక్కువతనం. ఆ ద్వారాన్ని వేడి తెరిచినట్టే మిరపలోని క్యాప్సైసిన్ కూడా తెరుస్తుంది. అందుకే కారం తింటే నోరు "కాలుతుంది". 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీన్ని పట్టుకుంది. 2021లో ఆయనకీ, స్పర్శ మీద పనిచేసిన పటపూటియన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. పక్షుల్లో ఆ ద్వారానికి క్యాప్సైసిన్ ఆనదు. చిలకలు మిరపతోటలో పండుకాయలు కొరుక్కు తింటూ కులాసాగా ఉండేది అందుకే.

మందుల షాపుల్లో క్యాప్సైసిన్ పూతమందు దొరుకుతుంది. మామూలుగా 0.025 నుంచి 0.075 శాతం. రోజుకు మూడు నాలుగు సార్లు, వారాల తరబడి రాస్తే నరాల కొసలు అలిసిపోయి కబుర్లు పంపడం తగ్గిస్తాయి. అది చదివి నాకు అనిపించింది: మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఉండి ట్యూబు కొనడమేంటి?

మా బావ యార్డులో గుమాస్తా. సీజను నడుస్తోంది, ఆ వైపు వెళ్తేనే తుమ్ములు. "తేజ కాయలు రెండు గుప్పెళ్లు కావాలి బావా" అన్నాను. "పచ్చడికా?" అన్నాడు. "నడుముకి" అన్నాను. ఒక్క క్షణం నా మొహం చూసి, సంచిలో పోసిచ్చాడు.

చేసింది: 200 మి.లీ. నువ్వుల నూనె, తొడిమలు తీసిన తేజ కాయలు, సన్న సెగ మీద 20 నిమిషాలు, పల్చటి గుడ్డలో వడకట్టడం. వంటిల్లంతా ఘాటు. అందరం దగ్గుతూ డాబా మీదికి పరుగు. ఆ సాయంత్రం అరచేతి మేర నడుముకి రాశాను.

పది నిమిషాలకు గోరువెచ్చన. ఇరవైకి మంట. కడిగేద్దామని వేణ్ణీళ్లు పోసుకున్నాను. అదే పెద్ద తప్పు. క్యాప్సైసిన్ పట్టిన ద్వారం 43 దాకా ఆగదు, ఒంటి వేడికే తెరుచుకుంటుంది. ఇక వేణ్ణీళ్ల సంగతి చెప్పాలా. నిప్పుల మీద కూర్చున్నట్టయింది. పైగా అది నూనెలో కరుగుతుంది గానీ నీళ్లకు లొంగదు. నీళ్లు దాన్ని కిందికి, ఇంకా సున్నితమైన చోట్లకి మోసుకెళ్లాయి. అరుపులు విని మా ఆవిడ తలుపు కొట్టింది. ఆమే గట్టెక్కించింది: కొబ్బరి నూనె దట్టంగా రాసి పాత గుడ్డతో తుడవడం, గిన్నెలు తోమే సబ్బు, చన్నీళ్లు. అలా మూడు విడతలు. మంట పూర్తిగా చల్లారేసరికి మూడున్నర గంటలు. రాత్రి పదకొండుకి కన్ను నులుముకున్నాను. చేతులు సరిగ్గా కడగలేదని అప్పుడు తెలిసింది.

ఎందుకు చెయ్యొద్దంటే:

1. కారం ఎంత దిగిందో తెలీదు. స్కోవిల్ అనే ఆయన 1912లో పెట్టిన కారం కొలతలో స్వచ్ఛమైన క్యాప్సైసిన్ కోటీ అరవై లక్షలు. గుంటూరు సన్నం రకం మిరపకు 35,000 నుంచి 40,000 అంటారు. తేజ దానికంటే ఘాటు. నా సీసాలో ఎంతుందో ఆ దేవుడికే ఎరుక.
2. అసలు ట్యూబు కూడా మోకాలు, చేతివేళ్ల కీళ్ల లాంటి పైపై నొప్పులకు, కొన్ని నరాల మంటలకు. లోతు నడుము కండరానికి పెద్దగా అందదు.
3. మర్నాడు నొప్పి అంకె 6. అంటే అంత బాధా దండగ.

ఖర్చు: నూనె 110. మొత్తం 2,360. పాడైన లుంగీ కలపలేదు.

దశ 5 (5, 6 వారాలు): టెన్స్ మిషను

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నాలుగు వైర్లు, అంటుకునే ప్యాడ్లు. చర్మం మీంచి చిన్న కరెంటు పంపుతుంది. దీని వెనక లెక్క మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన తలుపు సిద్ధాంతం. నొప్పి కబురు వెన్నుపాములో పైకి ఎక్కే చోట తలుపు లాంటిది ఉంటుంది, స్పర్శ మోసే లావు నరాలు గట్టిగా పనిచేస్తే అది మూసుకుంటుంది అని. వాళ్లు గీసిన బొమ్మలో వివరాలు తర్వాత మారాయి గానీ అసలు ఊహ నిలిచింది. మోచెయ్యి గుమ్మానికి తగిలితే అమ్మ వెంటనే రుద్దేది ఇందుకే.

అన్నట్టు, బొటనవేలు బల్లకాలికి తగిలినప్పుడు గమనించండి. ముందు చురుక్కుమంటుంది, ఒక సెకను ఆగి సలుపు మొదలవుతుంది. చురుకు మోసేవి సెకనుకు 5 నుంచి 30 మీటర్లు వెళ్లే నరాలు. సలుపు మోసేవి సెకనుకు 2 మీటర్లు కూడా దాటవు. ఆ సందులోనే రుద్దుతాం.

తప్పులు:

1. చెమట మీద ప్యాడ్ అంటించాను. మూల లేచి, కరెంటంతా ఒక చుక్క దగ్గర చేరి చీమ కుట్టినట్టయింది. తుడిచి, ఆరబెట్టి అంటించాలి.
2. భయపడి సన్నగా పెట్టాను. పనిచెయ్యలేదు. నొప్పి పుట్టకుండా, గట్టిగా జివ్వుమనేంత ఉండాలి.
3. ప్యాడ్లు 15 సార్లకే జిగురు పోయాయి. తడి వేలితో రుద్దితే ఇంకో ఐదు సార్లు లాగుతాయి. తర్వాత మార్చాల్సిందే.

100 హెర్ట్జ్ (సెకనుకు 100 సార్లు), 30 నిమిషాలు, 12 సార్లు. ముందు సగటు 6, పెట్టుకున్నప్పుడు 4, తీశాక గంటకు 5.5. ఇందులో నమ్మకం వాటా ఎంత, కరెంటు వాటా ఎంత అని చూద్దామని మా ఆవిడతో ఒక రోజు వైరు ఊడదీసి పెట్టించాను. జివ్వుమనకపోతే తెలిసిపోదూ? ఆ పరీక్ష అక్కడే తుస్సుమంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. మెడ ముందు, గర్భిణులకు పొట్ట మీద పెట్టకూడదు.

నా వాడకం: కార్డులు మడతపెట్టే అరగంటకి. వైద్యం అనుకోకుండా, పని గడిపే పనిముట్టు అనుకుంటే బాగానే ఉంది.

ఖర్చు: మిషను 1,900, ప్యాడ్లు 300. మొత్తం 4,560.

దశ 6 (6 నుంచి 14 వారాలు): గడియారం చెప్పినట్టు

ఇక్కడికి వచ్చేసరికి ఐదు వారాలు పోయాయి, కూర్చోవడం మళ్లీ కొలిస్తే అదే 22. బ్రాడీపేటలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. ఆమె నడుము ముట్టుకోకముందే పుస్తకం అడిగి తిరగేసింది.

"బాగున్న రోజు ఎంతసేపు కూర్చుంటున్నారండీ?"

"పని బట్టి మేడమ్. బాగుంటే ఐదారు గంటలు లాగించేస్తా."

"తర్వాతి రెండు రోజులు?"

పేజీ తిప్పితే అక్కడే ఉంది: 8, 8. నేను రాసిన అంకెలే, నాకు కనపడలేదు. బాగుంటే అప్పు చేసినట్టు పని, మర్నాడు వడ్డీతో సహా నొప్పి.

ఆమె ఇచ్చిన పద్ధతి:

1. చెయ్యగలిగినదాంట్లో 70 శాతం దగ్గర మొదలు. కూర్చోవడం 22కి 16 నిమిషాలు. నడక 9కి 7 నిమిషాలు, రోజుకు రెండుసార్లు.
2. టైమరు మోగితే లేవాలి. నొప్పి లేకపోయినా లేవాలి. రెండు నిమిషాలు నిలబడి పని, మళ్లీ కూర్చోవచ్చు.
3. మూడు రోజులకు 2 నిమిషాలు పెంచాలి. బాగున్నా అంతే, బాగోకపోయినా అంతే.
4. నొప్పి 2 అంకెలకు మించి పెరిగి మర్నాటికీ దిగకపోతే సగానికి తగ్గించాలి. సున్నా చెయ్యకూడదు.

రెండోది చాలా కష్టం. కార్డు మీద పెళ్లికొడుకు ఇంటిపేరు సగం కొట్టి లేవాలంటే ప్రాణం ఒప్పదు. మొదటి వారంలో 41 సార్లు మోగితే 17 సార్లు లేవలేదు. టైమరు ఫోనులో ఉంటే నొక్కేస్తున్నానని వంటింటి గిర్రు టైమరు తెచ్చి గది అవతల కిటికీలో పెట్టాను. ఆపాలంటే నడవాలి. రెండో వారంలో లేవనివి 4.

కూర్చోవడం, వారాలవారీగా: 6వ వారం 16, 7వ వారం 20, 8వ వారం 10 (కింద చూడండి), 9వ వారం 18, 10వ వారం 22, 11వ వారం 26, 12వ వారం 30, 13వ వారం 34, 14వ వారం 38 నిమిషాలు.

8వ వారం కథ: తెనాలి నుంచి 1,500 శుభలేఖలు, మూడు రోజుల్లో కావాలి. కుర్రాడు సెలవు. టైమరు పక్కన పడేసి ఐదు గంటలు ఒకే బిగిన మడతపెట్టాను. రాత్రి 8, మర్నాడు 8. భయం పాతదే: డిస్కు ఈసారి పూర్తిగా పోయింది. ఫోను చేస్తే ఆమె అడిగింది ఒకటే, "కాలు బలం తగ్గిందా? తిమ్మిరి కొత్తగా వచ్చిందా?" రెండూ లేవు. "అయితే సగం చెయ్యండి. నడవండి." 10 నిమిషాల కూర్చోవడం, 5 నిమిషాల నడక. మూడో రోజుకి 5కి దిగింది. ఫిబ్రవరిలో ఇలాంటిదానికే పదకొండు రోజులు పట్టిందని పుస్తకంలో ఉంది.

దెబ్బ తగిలాక వెన్నుపాములోని కణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. దొంగను చూసి మొరిగిన కుక్క తర్వాత పాలవాణ్ణి, పేపరువాణ్ణి చూసినా మొరిగినట్టు. కుక్క అబద్ధమాడటం లేదు, మొరుగు నిజమే. పాలవాడు రోజూ వేళకు వచ్చి, ఏమీ ఎత్తుకుపోకుండా వెళ్తుంటే అది తగ్గుతుంది. టైమరు పని అదేనని నాకు అర్థమైంది.

నడక ఎన్టీఆర్ స్టేడియంలో, పొద్దున్నే. మొదట్లో అందరూ దాటిపోతుంటే సిగ్గేసేది. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు రోజూ రెండు రౌండ్లు నన్ను దాటేవారు. 14వ వారానికి 22 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఆయన ఇంకా దాటుతూనే ఉన్నారు.

కుర్చీ మార్పులు మూడు ముక్కల్లో: మానిటరు కింద పాత శుభలేఖల శాంపిల్ పుస్తకాలు రెండు (12 సెం.మీ.), కాళ్ల కింద వాలు చెక్క, కుర్చీ ఎత్తు 46 నుంచి 43కి. వీటివల్ల 1 అంకె తగ్గిందేమో. బల్ల దిమ్మలంత కాదు.

ఖర్చు: వాలు చెక్క 250, ఫిజియో నాలుగు సార్లు 1,600. మొత్తం 6,410. గిర్రు టైమరు ఇంట్లో మూలపడి ఉన్నదే.

దశ 7 (9 నుంచి 14 వారాలు): మాత్రలు, నిద్ర

వారానికి 14 మాత్రలు అని తేలిగ్గా రాశాను గానీ, అవి చీటీ లేకుండా కౌంటరులో అడిగి తెచ్చుకున్నవి. డైక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన రకం. ఒకసారి జ్వరం వస్తే దాని మీద విడిగా పారాసెటమాల్ కూడా వేసుకున్నాను. కలిపి చూస్తే ఆ రోజు 3.6 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, అది దాటితే దెబ్బ లివరుకి. రేకు వెనక చిన్న అక్షరాలు చదివేవాళ్లు ఎంతమంది?

డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపుతాయి. వాపు చోట నరాల్ని రెచ్చగొట్టేవి అవే. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో చూపించాడు, 1982లో నోబెల్ వచ్చింది. చిక్కల్లా కడుపు లోపలి పొరను కాపాడేది, మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేది కూడా అవే. డాక్టరుగారు బీపీ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి, అవి బాగున్నాక, మెల్లగా తగ్గించే పట్టిక రాసిచ్చారు.

మాత్రలు వారానికి: 14, 10, 8, 6, 3, 2.

నిద్ర గడి 9వ వారంలో చేర్చాను, ముందే ఉండాల్సింది. ఆరు వారాల్లో ఐదు గంటల కంటే తక్కువ పడుకున్న రాత్రులు 11. వాటి మర్నాడు ఉదయం నొప్పి సగటు 5.8. మిగతా రోజుల్లో 3.6. నిద్ర చాలకపోతే నొప్పి తట్టుకునే గీత కిందికి దిగుతుందని చదివాను గానీ నా పుస్తకంలో ఇంత తేడా ఉంటుందనుకోలేదు. ముహూర్తాల సీజన్లో రాత్రి ఒంటిగంట దాకా ప్రూఫులు చూడటం మానేశాను. ఇద్దరు పార్టీలు వేరే షాపుకి పోయారు. అది కూడా ఖర్చే, అంకె వెయ్యలేదు.

ఖర్చు: డాక్టరు ఫీజు 300, పరీక్షలు 650. మొత్తం 7,360.

14వ వారం, మే మొదట్లో

నొప్పి 6 నుంచి 4కి. కూర్చోవడం 22 నుంచి 38. నడక 9 నుంచి 22. వేలికొస 31 నుంచి 14 సెం.మీ. మాత్రలు 14 నుంచి 2.

అంకెలు చూస్తే నొప్పి తగ్గింది రెండే. మొదటి నెలలో ఎవరైనా "14 వారాల తర్వాత 4 ఉంటుంది" అంటే పుస్తకం కృష్ణా కాలవలో పారేసేవాణ్ణి. ఇప్పుడు ఆ 4తోనే షాపు రెండు పూటలా తెరుస్తున్నాను. పొద్దున పోటు పది నిమిషాల నుంచి మూడుకి వచ్చింది. సలుపు సాయంత్రం ఆరు దాటాక ఉంటుంది, ఉంది.

పెండింగ్:

1. నీళ్ల క్యాను ఎత్తడం. 20 లీటర్లు ఇప్పట్లో కాదు. 15వ వారం 5 లీటర్ల డబ్బాతో, మెట్లు ఒక అంతస్తు, మూడు రోజులకోసారి.
2. వాలు చెక్క కింద రబ్బరు ఊడింది, జారుతోంది. మేకులు కొడితే గచ్చు పాడవుతుంది. పాత సైకిలు ట్యూబు అంటించి చూడాలి.
3. మిగిలిన మిరపకాయ నూనె 150 మి.లీ. సీసా మీద ఎర్ర స్కెచ్‌తో "ఒంటికి రాయరాదు" అని రాసి అటక మీద పెట్టాను. యార్డుకి వేసవి సెలవులిచ్చారు కదా, బావ ఖాళీగా ఉండి రెండుసార్లు అడిగాడు, ఉప్మాలో బాగుంటుందని.